బీపీ జన్యువుల పరిశోధనకు ఏ ఎలుక? వంశం కంటే ముందు దాని జోడీని చూడండి

రక్తపోటు ఎక్కువున్న ఎలుక దొరకడం పెద్ద కష్టం కాదు. దాని పక్కన ఏ ఎలుకను పెట్టి పోల్చాలన్నదే కష్టం. ఎస్‌హెచ్‌ఆర్ (బీపీ దానంతటదే పెరిగే వంశం) ఎలుకలు తెప్పించి, పక్కన డబ్ల్యూకేవై (మామూలు బీపీ ఉన్న దాని బంధువు వంశం) పెట్టి, రెండింటి మూత్రపిండాల్లో ఏ జన్యువు చురుగ్గా ఉందో కొలిచి, తేడా కనిపించిన ప్రతిదాన్నీ బీపీకి ముడిపెట్టిన వ్యాసాలు దశాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. ఆ రెండు వంశాల డీఎన్‌ఏలో లక్షల చోట్ల తేడాలున్నాయి. వాటిలో బీపీని కదిలించేవి కొన్నే. మిగతావి తరతరాలుగా అన్నాచెల్లెళ్లను జతకట్టించడం వల్ల ఏ సంబంధమూ లేకుండా స్థిరపడిపోయినవి. అందుకే ఇక్కడ ప్రతి వంశం గురించి చెప్పేటప్పుడు దాని కంట్రోల్ ఎలుక (పక్కన పెట్టి పోల్చే ఎలుక) గురించి కూడా అంతే గట్టిగా చెబుతున్నాం.

ముందు ప్రశ్న, తర్వాత ఎలుక

ఈ పనిలో ప్రశ్నలు మూడు రకాలు. బీపీని మార్చే జన్యువు ఏ క్రోమోజోమ్ మీద ఎక్కడుందో వెతకడం మొదటిది. ఫలానా జన్యువే కారణమని రుజువు చెయ్యడం రెండోది. ఆ జన్యువు మూత్రపిండంలోనో రక్తనాళంలోనో ఏం చేసి బీపీని పెంచుతోందో చూడటం మూడోది.

మొదటిదానికి బీపీలో బాగా తేడా ఉన్న రెండు వంశాలు, వాటి సంకరం కావాలి. రెండోదానికి ఒకే వంశం కావాలి, అందులో ఒకే ఒక్క మార్పు ఉండాలి. మూడోదానికీ రెండోదానికి వాడిన ఎలుకలే సరైనవి. మూడో ప్రశ్న వేసుకుని మొదటి ప్రశ్నకు తగిన ఎలుకలు కొనడం ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. గ్రాంటు దరఖాస్తు రాసేటప్పుడే మీ ప్రశ్న ఈ మూడింటిలో ఏదో ఒక వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం రాయడం కుదరకపోతే ఎలుకల ఆర్డరు ఆపండి.

ఎస్‌హెచ్‌ఆర్: పేరు ఒకటే, లోపల ఒకటి కాదు

క్యోటో విశ్వవిద్యాలయంలో ఒకమోటో, అవోకి 1963లో ఈ వంశాన్ని ప్రకటించారు. బీపీ దానంతటదే ఎక్కువగా ఉన్న విస్టార్ అనే మామూలు ప్రయోగశాల ఎలుకల్లోని ఒక మగదానితో మొదలుపెట్టి, ప్రతి తరంలోనూ బీపీ ఎక్కువున్న పిల్లల్నే ఏరి జతకట్టించారు. ఉప్పు పెట్టక్కర్లేదు, శస్త్రచికిత్స అక్కర్లేదు. 5, 6 వారాల వయసు నుంచి బీపీ పైకి పోతుంది. పెద్దయ్యేసరికి సిస్టాలిక్ 180 నుంచి 200 మి.మీ. పాదరసం దాకా చేరుతుంది. మందుల పరీక్షకు ఇంతకంటే తేలికైన ఎలుక లేదు.

జన్యువుల పనికి వచ్చేసరికి రెండు చిక్కులున్నాయి. మొదటిది కంట్రోల్. డబ్ల్యూకేవై కూడా క్యోటో విస్టార్ మూలం నుంచే వచ్చింది. కానీ అది పూర్తిగా ఇన్‌బ్రెడ్ (తరతరాలు అన్నాచెల్లెళ్లనే జతకట్టించి జన్యువులు ఒకేలా స్థిరపడినది) కాకముందే వేర్వేరు సంస్థలకు పంచిపెట్టారు. వాళ్లు విడివిడిగా జతకట్టించుకుంటూ పోయారు. ఫలితంగా ఒక చోటి డబ్ల్యూకేవై మరో చోటి డబ్ల్యూకేవైకి జన్యుపరంగా దూరపు బంధువు. కొన్ని కాలనీల్లో దాని బీపీ కూడా ఉండాల్సినంత తక్కువగా ఉండదు. 1980ల చివర్లోనే దీని మీద హెచ్చరికలు వచ్చాయి. అయినా "మా కంట్రోల్ డబ్ల్యూకేవై" అని ఒక్క ముక్కతో సరిపెట్టే వ్యాసాలు నేటికీ కనిపిస్తాయి. మీరు చదివే వ్యాసంలో ఉపవంశం పేరు పూర్తిగా లేకపోతే ఆ ఫలితాన్ని మీ ప్రయోగానికి పునాదిగా తీసుకోకండి.

రెండో చిక్కు ఇంకా లోతైనది. సీడీ36 జన్యువు కథ తీసుకోండి. ఇది కొవ్వు ఆమ్లాలను కణంలోకి చేరవేసే ప్రొటీన్‌ది. 1999లో ఎస్‌హెచ్‌ఆర్‌లో ఈ జన్యువు దెబ్బతిని ఉందని, ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యకపోవడానికి అది కారణమని తేలింది. వెంటనే జపాన్ నుంచి మరో మాట వచ్చింది: అక్కడి మూల ఎస్‌హెచ్‌ఆర్ కాలనీలో ఆ లోపమే లేదు, బీపీ మాత్రం ఎక్కువే. అంటే ఆ లోపం అమెరికాకు వెళ్లిన శాఖలో తర్వాత చేరింది. ఇక సీడీ36కీ బీపీకీ సంబంధం లేదనుకునే లోపు, 2008లో ప్రేగ్ బృందం దాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. సీడీ36 మంచిగా ఉన్న క్రోమోజోమ్ ముక్కను ఎస్‌హెచ్‌ఆర్‌లో నాటిన కాంజెనిక్ ఎలుకలతో మూత్రపిండాల మార్పిడి చేసి, మూత్రపిండంలో సీడీ36 లేకపోవడం బీపీని పెంచగలదని చూపించింది. రెండు మాటలూ నిజమే. ఎస్‌హెచ్‌ఆర్ బీపీ మొత్తానికి అది మూలం కాదు. ఆ శాఖలో మాత్రం బీపీకి అది కొంత తోడవుతుంది. ఏ శాఖ ఎలుకనో రాయకపోతే ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసినట్టే కనిపిస్తాయి.

ఎస్‌హెచ్‌ఆర్ నుంచే 1974లో పక్షవాతం వచ్చే శాఖను వేరు చేశారు. దాని పేరు ఎస్‌హెచ్‌ఆర్‌ఎస్‌పీ. దీని బీపీ 200 దాటుతుంది. తాగే నీళ్లలో 1 శాతం ఉప్పు, ప్రొటీన్ తక్కువున్న మేత ఇస్తే పక్షవాతం త్వరగా వస్తుంది. మెదడు, గుండె మీద ప్రభావం మీ ప్రశ్న అయితే ఇదే సరి. బీపీ జన్యువు ఒక్కటే కావాలంటే ఇంత బాధ పడే ఎలుకను ఎంచుకోవడానికి కారణం లేదు. గ్లాస్గోలో దీన్నీ డబ్ల్యూకేవైనీ ఒకే కాలనీలో దశాబ్దాలుగా పెంచి, 2వ క్రోమోజోమ్ ముక్కను అటూ ఇటూ మార్చి జీఎస్‌టీఎం1 జన్యువు దాకా వచ్చారు. రెండు వంశాలూ ఒకే కప్పు కింద, ఒకే మేత మీద పెరగడం ఆ పనికి పెద్ద బలం.

డాల్ ఎస్ఎస్: ఉప్పు ప్రశ్నకు మొదటి ఎంపిక

అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో లూయిస్ డాల్ స్ప్రేగ్-డాలీ అనే మామూలు ప్రయోగశాల ఎలుకలకు 8 శాతం ఉప్పు మేత పెట్టి, బీపీ పెరిగినవాటినీ పెరగనివాటినీ వేరు చేస్తూ పోయారు. మూడు తరాల్లోనే రెండు గుంపులూ స్పష్టంగా విడిపోయాయి. 1962లో ఆ ఫలితం వచ్చింది. తర్వాత జాన్ రాప్ వాటిని పూర్తి ఇన్‌బ్రెడ్ వంశాలుగా మార్చారు: ఎస్ఎస్/జేఆర్ (ఉప్పుకు బీపీ పెరిగేది), ఎస్ఆర్/జేఆర్ (పెరగనిది). పేరు చివరి జేఆర్ ఆయనదే.

ఉప్పుకూ బీపీకీ సంబంధం, మూత్రపిండం దెబ్బతినడం, రోగనిరోధక కణాల పాత్ర, వీటిలో ఏది మీ విషయమైనా ఎస్ఎస్ తీసుకోండి. ఎస్‌హెచ్‌ఆర్‌లో లేని సౌకర్యం ఇందులో ఉంది: మీటను మీరే తిప్పవచ్చు. ఉప్పు తక్కువున్నప్పుడు ఒక కొలత, పెంచాక ఇంకో కొలత తీసుకుంటే ప్రతి ఎలుకా తనకు తానే కంట్రోల్ అవుతుంది.

మరి ఎస్ఆర్? దాన్ని కంట్రోల్‌గా వాడేముందు ఒక పాత ఫలితం గుర్తుంచుకోండి. ఎస్ఎస్‌లో 18-హైడ్రాక్సీ-డీఓసీ అనే అడ్రినల్ హార్మోన్ ఎక్కువ, ఎస్ఆర్‌లో తక్కువ అని 1970లలోనే కనిపెట్టారు. అందరి చూపూ ఎస్ఎస్ మీదే ఉంది. 1993లో 7వ క్రోమోజోమ్ మీది సీవైపీ11బీ1 జన్యువును చదివి చూస్తే, మార్పులు ఉన్నది ఎస్ఆర్‌లో! బీపీ పెరగని ఎలుకలోనే ఎంజైమ్ మారిపోయి ఆ హార్మోన్ తగ్గింది. "మామూలు" అనుకున్న ఎలుక మామూలుది కాదు. ఎంపిక చేసి పెంచిన ప్రతి జోడీలోనూ ఈ ప్రమాదం ఉంది. ఒకదాన్ని బీపీ పెరిగేలా, రెండోదాన్ని పెరగకుండా ఉండేలా, రెండింటినీ మనమే చెక్కాం.

అందుకే ఎస్ఎస్‌కు సరైన జోడీ ఎస్ఆర్ కాదు, కాన్సోమిక్ ఎలుక. విస్కాన్సిన్ మెడికల్ కాలేజీలో ఎస్ఎస్‌నూ బ్రౌన్ నార్వే అనే మామూలు బీపీ వంశాన్నీ కలిపి, ఒక్కో క్రోమోజోమ్ మాత్రమే బ్రౌన్ నార్వేది, మిగతాదంతా ఎస్ఎస్‌ది ఉండేలా వంశాల వరస తయారుచేశారు. వాటిలో 13వ క్రోమోజోమ్ మార్చిన ఎలుక ప్రసిద్ధం. అదే ఉప్పు మేత పెట్టినా దాని బీపీ ఎస్ఎస్ అంతగా పెరగదు. బీపీని పెంచే హార్మోన్ వ్యవస్థను మొదలుపెట్టే రెనిన్ జన్యువు ఉన్నదీ ఆ క్రోమోజోమ్ మీదే. 1989లో రాప్ బృందం బీపీ తేడా రెనిన్ జన్యువుతో పాటే పిల్లలకు వెళ్తోందని చూపించింది. అదే క్రోమోజోమ్ మీది ఎన్‌సీఎఫ్2 అనే జన్యువును ఎస్ఎస్‌లో తీసేసినా ఉప్పు బీపీ తగ్గుతుందని 2012లో తేలింది. ఒకే క్రోమోజోమ్ మీద ఒకటికి మించి దోషులు ఉంటారని దీన్నుంచి నేర్చుకోవాలి.

ఎస్ఎస్‌తో వచ్చే ఇబ్బందుల్లో మేతది మొదటి స్థానం. ఉప్పు శాతం ఒక్కటే చూస్తే చాలదు. కేసిన్‌తో చేసిన శుద్ధి మేత మీద పెరిగిన ఎస్ఎస్‌కూ, గోధుమ, సోయా లాంటి గింజల మేత మీద పెరిగిన ఎస్ఎస్‌కూ అదే ఉప్పుతో బీపీ, మూత్రంలో ఆల్బుమిన్ చాలా తేడాగా వస్తాయి. గింజల మేత ఎలుకను కాపాడుతుంది. తల్లి తిన్న మేత ప్రభావం పిల్లల దాకా వస్తుంది. కాబట్టి సరఫరాదారు దగ్గర ఏ మేత పెట్టారో రాతపూర్వకంగా అడగండి. మీ సొంత కాలనీలో కనీసం ఒక తరం అదే మేత మీద పుట్టి పెరిగాకే ప్రయోగం మొదలుపెట్టండి.

ఉప్పు మోతాదుకు వాడుకలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి: పాలు మాన్పించినప్పటి నుంచి 0.4 శాతం ఉప్పు, 7 నుంచి 8 వారాల వయసులో 4 శాతానికి మార్చి 3 వారాలు. రెండోది: 40 నుంచి 42 రోజుల వయసు దాకా 0.3 శాతం, ఆ తర్వాత 24 రోజులు 2 శాతం. జన్యువు ప్రభావం వెతికేవాళ్లకు రెండోదే మా సలహా. 8 శాతం పెడితే అన్ని ఎలుకలూ తీవ్రంగా జబ్బుపడతాయి, కొన్ని చనిపోతాయి, బతికినవాటిలో జన్యువు వల్ల వచ్చే 15 మి.మీ. తేడా ఆ పోటులో కొట్టుకుపోతుంది. మేత రుచించక తిండి తగ్గించి బరువు కోల్పోయినవి కూడా ఉంటాయి. వాటి బీపీ తక్కువగా కనిపిస్తే అది జన్యువు గొప్పతనం కాదు. వారానికి రెండుసార్లు బరువూ తిన్న మేతా తూచి రాయండి.

ఇంకొక మాట గుర్తుంచుకోండి: తక్కువ ఉప్పు మీద కూడా వయసు పెరిగేకొద్దీ ఎస్ఎస్ బీపీ పెరుగుతుంది. ముసలి ఎలుకను "ఉప్పు లేని కంట్రోల్" అనుకోవద్దు.

మిగిలినవాటిని ఎప్పుడు చూడాలి

న్యూజిలాండ్‌లో స్మర్క్ పెంచిన జీహెచ్ వంశం వీటన్నిటికంటే పాతది. 1958లోనే ప్రకటించారు. ఇప్పుడు కొత్త ప్రాజెక్టుకు ఎవరూ ఎంచుకోరు. మిలాన్ ఎలుకలో బీపీ పెరుగుదల కొంచెమే. కానీ మూత్రపిండం సోడియాన్ని పట్టి ఉంచే తీరుకూ అడ్యూసిన్ జన్యువుకూ సంబంధం దీన్నుంచే బయటపడింది కాబట్టి ఆ ప్రశ్న మీదైతే చూడండి. లియాన్ ఎలుకల్లో ఎక్కువ, మామూలు, తక్కువ బీపీ మూడు వంశాలున్నాయి. అధిక బీపీ లియాన్‌లో బరువు, కొవ్వు కూడా ఎక్కువ, కాబట్టి మెటబాలిక్ సిండ్రోమ్ పనికి బాగుంటుంది. ఇజ్రాయెల్ సాబ్రా వంశంలో బీపీ పెరగాలంటే డీఓసీఏ అనే హార్మోన్ మందు, ఉప్పు రెండూ ఇవ్వాలి. ఫాన్-హుడెడ్ హైపర్‌టెన్సివ్‌లో మూత్రపిండం పాడవడమే ముఖ్య లక్షణం. దాన్ని బీపీ మోడల్‌గా కంటే కిడ్నీ మోడల్‌గా చూడటం మంచిది.

టీజీఆర్(ఎంఆర్ఈఎన్2)27 వేరే తరహా. 1990లో ఎలుకలోకి చిట్టెలుక రెనిన్-2 జన్యువును చొప్పించి తయారుచేశారు. ఒకే జన్యువు, పెద్ద ప్రభావం. హోమోజైగస్ (ఆ జన్యువు రెండు ప్రతులూ ఉన్న) ఎలుకలను బతికించుకోవడానికి బీపీ మందు నీళ్లలో కలిపి ఇవ్వాల్సి వస్తుంది. హెటరోజైగస్‌ను (ఒక్క ప్రతే ఉన్నదాన్ని) వాడండి. అప్పుడు ఆ జన్యువు అందని తోబుట్టువులే కంట్రోల్ అవుతాయి. రెనిన్-యాంజియోటెన్సిన్ మీద పనిచేసేవాళ్లకు మంచిది. మనుషుల్లో సాధారణంగా వచ్చే, అనేక జన్యువుల చిన్న చిన్న ప్రభావాలతో వచ్చే బీపీకి మాత్రం ఇది ప్రతినిధి కాదు.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో బయటపడిన డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ ఎలుకల గురించి తెలుగు విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. అవి స్థూలకాయానికి మోడల్. బీపీ కోసం ఏరి పెంచిన వంశం కాదు కాబట్టి బీపీ జన్యువుల వేటకు వాటిని మొదటి ఎంపికగా పెట్టుకోవద్దు. కానీ స్థూలకాయం బీపీని ఎలా కదిలిస్తుందన్న ప్రశ్నకు వాటిలో ఒక మంచి లక్షణం ఉంది: సన్నగా ఉన్నవీ లావుగా ఉన్నవీ ఒకే ఈతలో పుడతాయి.

సంకరం పద్ధతి: ఏది ఎంత కాలం, ఎంత పని

వెతుకులాట ప్రశ్నకు ఎఫ్2 సంకరం పాత పద్ధతి, ఇప్పటికీ పనికొస్తుంది. రెండు వంశాలను కలిపి, వచ్చిన ఎఫ్1 అన్నాచెల్లెళ్లను మళ్లీ కలపాలి. 200 దాకా ఎఫ్2 ఎలుకల బీపీ కొలిచి డీఎన్‌ఏ చూస్తే బీపీ ఏ క్రోమోజోమ్ భాగంతో నడుస్తోందో తెలుస్తుంది. దొరికేది జన్యువు కాదు, 20, 30 సెంటీమోర్గన్ల (జన్యుపటం మీద దూరానికి కొలత) పొడవున్న ఒక ప్రాంతం. అందులో వందల జన్యువులుంటాయి. ఊరి పేరు తెలిసిందిగానీ ఇంటి నంబరు ఇంకా తెలియలేదన్నమాట. సంకరాన్ని రెండు దిశల్లోనూ చెయ్యండి: ఎస్‌హెచ్‌ఆర్ తండ్రిగా సగం, తల్లిగా సగం. ఎస్‌హెచ్‌ఆర్ వై క్రోమోజోమ్ వల్లే మగ పిల్లల బీపీ కొంత పెరుగుతుంది. తల్లి పాలూ పెంపకమూ కూడా బీపీని కదిలిస్తాయి. ఒకే దిశలో చేస్తే ఈ రెండూ మీ లెక్కలోకి దొంగచాటుగా దూరతాయి.

ఇంటి నంబరు దాకా పోవాలంటే హెచ్ఎస్ ఎలుకలు మేలు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 1984లో 8 ఇన్‌బ్రెడ్ వంశాలను కలిపి, అప్పటి నుంచి బంధుత్వం లేని జతలతో పెంచుకుంటూ వచ్చిన మిశ్రమ కాలనీ ఇది. ఎన్నో తరాల కలయిక వల్ల డీఎన్‌ఏ ముక్కలు చిన్నవయ్యాయి. ప్రాంతం ఇరుకుగా దొరుకుతుంది. కానీ ప్రతి ఎలుకా వేరు, కొన్ని వందల ఎలుకలూ ప్రతిదానికీ సీక్వెన్సింగూ తప్పవు, గణాంకాలు తెలిసిన మనిషి జట్టులో ఉండాలి. ఆ 8 మూల వంశాల్లో ఎస్‌హెచ్‌ఆర్ గానీ ఎస్ఎస్ గానీ లేవని కూడా గుర్తుంచుకోండి.

ఎస్‌హెచ్‌ఆర్, బ్రౌన్ నార్వే నుంచి తయారుచేసిన హెచ్ఎక్స్‌బీ/బీఎక్స్‌హెచ్ వరసలు మధ్యేమార్గం. సుమారు 30 వంశాలు, ఒక్కోదాని జన్యుక్రమం స్థిరం, పాత బీపీ కొలతలూ కణజాలాల డేటా ఇప్పటికే ఉన్నాయి. చేతిలో డబ్బు తక్కువై కంప్యూటర్ పని చెయ్యగలిగినవాళ్లు ఇక్కడ మొదలుపెట్టవచ్చు.

కాంజెనిక్ అంటే ఒక వంశపు చిన్న క్రోమోజోమ్ ముక్కను మరో వంశంలో నాటడం. ప్రతి బ్యాక్‌క్రాస్‌కూ (పిల్లను మళ్లీ ఆ మరో వంశంతో కలపడం) మిగతా చోట్ల దాత డీఎన్‌ఏ సగానికి సగం తగ్గుతుంది. 10 తరాలకు 0.1 శాతం మిగులుతుంది. చూలు 3 వారాలు, పిల్ల జతకట్టే వయసుకు రావడానికి 9, 10 వారాలు. అంటే తరానికి 3 నెలలు, మొత్తం రెండున్నరేళ్ల పైమాటే. ప్రతి తరంలోనూ జన్యుసూచికలు (ఏ చోటు ఏ వంశానిదో చెప్పే డీఎన్‌ఏ గుర్తులు) చూసి అతి తక్కువ దాత డీఎన్‌ఏ ఉన్న పిల్లను ఏరుకుంటే 5 తరాల్లో పని తీరుతుంది. మొదటి బ్యాక్‌క్రాస్‌లో కనీసం 20 మగ పిల్లలను పరీక్షించండి. అక్కడ పొదుపు చేస్తే తర్వాత రెండు తరాలు అదనంగా కట్టాల్సి వస్తుంది.

కాంజెనిక్‌తో నిరాశ కలిగే చోటు ఒకటుంది. పెద్ద ముక్క బీపీని 30 మి.మీ. తగ్గించింది కదా అని దాన్ని ముక్కలు చేస్తే, ఒక్కోటి 5 మి.మీ. కూడా కదిలించకపోవచ్చు, లేదా ఒకటి తగ్గించి ఇంకోటి పెంచవచ్చు. ప్రయోగం చెడిపోలేదు. ఆ ప్రాంతంలో కలిసి పనిచేసే జన్యువులు ఒకటికి మించి ఉన్నాయన్నమాట. మనుషుల్లో బీపీతో ముడిపడిన ఒక ప్రాంతంలోని జన్యువులను ఎస్ఎస్ ఎలుకలో ఒక్కొక్కటిగా దెబ్బతీసి చూసినప్పుడు కూడా ఇదే కనిపించింది: పక్కపక్కనే ఉన్న పలు జన్యువులు బీపీని మార్చాయి.

రుజువుకు మాత్రం నాకౌట్‌ను (ఆ ఒక్క జన్యువును పనిచెయ్యకుండా చెయ్యడం) మించినది లేదు. డీఎన్‌ఏను ఎంచుకున్న చోట కోసే జింక్ ఫింగర్ పద్ధతితో 2009లో మొదటి నాకౌట్ ఎలుకలు వచ్చాయి, 2013 నుంచి క్రిస్పర్. అసలు విషయం ఎక్కడ చేస్తున్నారన్నది. తేలికగా పిండాలు దొరుకుతాయని స్ప్రేగ్-డాలీలో చేసి, బీపీ మారలేదని నిరాశపడటం వృథా. బీపీ పెరిగే నేపథ్యం ఉన్న ఎస్ఎస్‌లోనే చెయ్యాలి. ఇన్‌బ్రెడ్ కాబట్టి పిండాలు తక్కువ దొరుకుతాయి, ఓపిక పట్టండి. క్రిస్పర్‌కు కోత పడాల్సిన చోటు చూపించే గైడ్ ఆర్‌ఎన్‌ఏ రాసేటప్పుడు ప్రామాణిక జన్యుక్రమం బ్రౌన్ నార్వేదని మర్చిపోకండి. మీ వంశంలో ఆ 20 అక్షరాల్లో ఒక్కటి మారినా కోత పడకపోవచ్చు. ముందు మీ ఎలుక డీఎన్‌ఏలో ఆ చోటును చదివించండి.

ఒక లెక్క దగ్గర నుంచి చూడండి. హెటరోజైగస్‌లను జతకడితే 1:2:1. ఈతకు 8 పిల్లలు, వాటిలో 4 మగవి, వాటిలో హోమోజైగస్ నాకౌట్ ఒక్కటి. 10 మి.మీ. తేడా పట్టుకోవాలి, ఎలుకల మధ్య ప్రామాణిక విచలనం 10 అనుకుంటే, 80 శాతం పవర్‌కు (నిజంగా ఉన్న తేడాను నూటికి 80 సార్లు పట్టుకోవడానికి) గుంపుకు 17 కావాలి. అంటే 17 ఈతలు. అదే కొలత పద్ధతి సరిగ్గా లేక విచలనం 15 అయిందా, గుంపుకు 37. డబ్బు ఎలుకల మీద పెట్టాలా, కొలత మీద పెట్టాలా అన్నది ఈ రెండు అంకెలే చెబుతాయి.

తోక పట్టీయా, టెలిమెట్రీయా?

తోకకు చుట్టి బీపీ కొలిచే తోక పట్టీ చవక, కోత లేదు, ఎఫ్2 లాంటి పెద్ద సంఖ్యలకు అదొక్కటే సాధ్యం. కానీ అది ఎలుకను గొట్టంలో బంధించి, తోక వేడిచేసి కొలుస్తుంది. కంగారుపడే వంశానికి అక్కడే బీపీ పెరుగుతుంది. ఎస్‌హెచ్‌ఆర్ కంగారు మనిషి లాంటిది. మీరు కొలిచింది బీపీ జన్యువునా, భయం జన్యువునా? కనీసం 5 నుంచి 7 రోజులు గొట్టానికి అలవాటు చెయ్యండి. రోజూ అదే వేళకు, అదే మనిషి చెయ్యాలి. తోక 30 డిగ్రీలకు అటూ ఇటూ వెచ్చబడాలి. మొదటి 3, 4 రీడింగులు వదిలేసి తర్వాతి 8, 10 సగటు తీసుకోండి. ఏ గూడులో ఏ జన్యురూపం ఉందో కొలిచేవారికి తెలియకూడదు.

టెలిమెట్రీలో చిన్న ట్రాన్స్‌మిటర్‌ను చర్మం కింద పెట్టి, దాని గొట్టాన్ని తొడ ధమనిలోంచి పైకి పోనిస్తారు. ఎలుక 200 గ్రాములు దాటాక చెయ్యాలి. బరువు తిరిగి వచ్చి, రాత్రి బీపీ ఎక్కువ, పగలు తక్కువ అనే లయ కనిపించేదాకా, అంటే 7 నుంచి 10 రోజులు, ఆ అంకెలు లెక్కలోకి తీసుకోవద్దు. ప్రతి 5 నిమిషాలకు 10 సెకన్లు రికార్డు చేస్తే సరిపోతుంది. గూడు శుభ్రంచేసిన రోజు డేటా పక్కన పెట్టండి. చెడిపోయే తీరు ఒకటి తప్పక తెలియాలి: గొట్టం కొసలో గడ్డ కడితే సగటు బీపీ బాగానే కనిపిస్తుంది, కానీ సిస్టాలిక్, డయాస్టాలిక్ మధ్య తేడా రోజురోజుకూ కుంచించుకుపోతుంది. అది 20 మి.మీ. లోపుకు వచ్చిందంటే ఆ ఎలుక అంకెలు అప్పటి నుంచి నమ్మలేం. ట్రాన్స్‌మిటర్ తీశాక గాలిలో సున్నా చూపిస్తోందో లేదో చూడండి. 5 మి.మీ. జరిగి ఉంటే ఆ మేరకు సరిదిద్దాలి.

వెతుకులాటకు తోక పట్టీ, తుది రుజువుకు టెలిమెట్రీ. కాంజెనిక్‌లలో 10 మి.మీ. తేడాను తోక పట్టీ ఒక్కదాని మీద నిలబెట్టకండి.

తెప్పించేటప్పుడు

పూర్తి పేరు చదవడం నేర్చుకోండి. ఎస్ఎస్/జేఆర్‌హెచ్‌ఎస్‌డీఎంసీడబ్ల్యూఐ అన్న పొడవాటి పేరులో ఏటవాలు గీత తర్వాతి ముక్కలన్నీ ఆ వంశం వరసగా ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో చెబుతాయి. ఒక్క ముక్క తేడా ఉన్నా వేరే ఎలుకగానే లెక్కపెట్టండి. ఇది చాదస్తం కాదు. 1990ల మొదట్లో ఒక సరఫరాదారు కాలనీలో ఎస్ఎస్/జేఆర్‌లోకి వేరే ఎలుకల డీఎన్‌ఏ కలిసిపోయింది. ఉప్పు పెట్టినా బీపీ పెరగని "ఎస్ఎస్" ఎలుకలు ప్రయోగశాలలకు చేరాయి. 1994లో ఆ సంగతి అచ్చయింది. అప్పటికే ఎన్నో ప్రయోగాలు దాని మీద నడిచిపోయాయి. అందుకే ప్రతి సరుకులోనూ 3, 4 ఎలుకల చెవి ముక్కలు తీసి, అన్ని క్రోమోజోముల మీదా ఉండేలా 30, 40 జన్యుసూచికలు పరీక్షించండి. ఇన్‌బ్రెడ్ ఎలుకలో ఒక్క చోట హెటరోజైగస్ కనిపించినా ఆ పెట్టెను ప్రయోగంలో పెట్టకండి.

క్యోటో జాతీయ ఎలుకల వనరుల కేంద్రం, మిస్సోరీలోని ఎలుకల వనరుల కేంద్రం లాంటి చోట్ల అరుదైన వంశాలు గడ్డకట్టిన వీర్యం, పిండాల రూపంలో ఉంటాయి. బతికున్న ఎలుకకంటే ఆలస్యం, కానీ జబ్బులు వెంట రావు. భారతదేశంలో ఏ పనైనా సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి తర్వాతే. ఆ దరఖాస్తులో ఎలుకను ఎప్పుడు బాధ నుంచి తప్పిస్తారో స్పష్టంగా రాయండి: బరువు 20 శాతం పడిపోవడం, ఒక పక్క కాళ్లు ఈడవడం, మేత ముట్టకపోవడం. ఎస్‌హెచ్‌ఆర్‌ఎస్‌పీ, ఎక్కువ ఉప్పు మీది ఎస్ఎస్ ఎలుకలను రోజుకు రెండుసార్లు చూడాలి.

మూడేళ్ల పీహెచ్‌డీ, ఒక మనిషి, మామూలు బడ్జెట్ అయితే సొంతంగా కాంజెనిక్ మొదలుపెట్టకండి. ఎస్ఎస్‌నూ దాని 13వ క్రోమోజోమ్ కాన్సోమిక్‌నూ తెప్పించి, ఒకే గదిలో ఒక తరం పెంచి, 2 శాతం ఉప్పు మీద, గుంపుకు 8 ఎలుకలకు టెలిమెట్రీ పెట్టండి. ఆ తేడా 20 మి.మీ. వస్తే 8 చాలినన్ని. ఎస్‌హెచ్‌ఆర్, డబ్ల్యూకేవై తప్ప ఏమీ దొరకని చోట వాటినే కలిపి ఎఫ్2 చెయ్యండి. 100 ఎలుకలకు తోక పట్టీతో కొలిచినా, మీరు అనుమానిస్తున్న జన్యువు ఎస్‌హెచ్‌ఆర్ రూపం రెండు ప్రతులు అందుకున్న పిల్లల బీపీ నిజంగా ఎక్కువో కాదో తేలుతుంది. రెండు తల్లిదండ్రుల వంశాలను పక్కపక్కన పెట్టి వెయ్యి జన్యువులు కొలిచినా ఆ సంగతి తేలదు. ప్రతి ఎలుక చెవి ముక్కనూ నంబరు వేసి మైనస్ 20 డిగ్రీల్లో దాచండి. ఏ రీడింగు మీద అనుమానం వచ్చినా మొదట తీసి చూడాల్సింది దాన్నే.